తమ్ముడి రెండు వందల యాభై

నెలలో మొదటి వారం దాటితే చాలు, పింఛను పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకు రమ్మని మా తమ్ముడు పోరు పెడతాడు. యాభై దాటినవాడు. పుట్టుకతోనే కాళ్లు రావు, మాట ముద్దగా వస్తుంది, లెక్క మాత్రం తప్పడు. కొత్తగా పడ్డ వరస మీద వేలు పెట్టి, ‘వెయ్యే’ అంటాడు. వాడిని చక్రాల కుర్చీతో సహా ఎక్కించుకునే ఆటో దొరకడమే కష్టం. దొరికితే, బ్యాంకుకి వెళ్లి రావడానికే నూట యాభై.

నాన్న సిక్కోలు నుంచి జార్ఖండ్‌లోని టాటానగర్ వచ్చి టాటా కంపెనీలో చేరాడు. మేం ఆ ఊళ్లోనే, కద్మాలో ఉండిపోయాం. పలాసలో మా పిన్ని కొడుకుదీ మా తమ్ముడి అవస్థే. అతనికి ఆంధ్రాలో 2024 నుంచి వికలాంగ పింఛను నెలకు 6,000. తెలంగాణలో అయితే 4,016. ‘టాటా ఊళ్లో ఉండి మీకు వెయ్యేమిటే?’ అంటుంది పిన్ని. టాటాకీ సర్కారు పింఛనుకీ సంబంధం ఏమిటో ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

ఏ రాష్ట్రం బొక్కసం దానిది, పోలికలకి పోను. నా పేచీ వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 24వ సెక్షన్ ఉంది. మిగతావాళ్లకి ఇచ్చే అలాంటి పథకం కంటే వికలాంగులకి కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలంటుంది. ఎందుకో ఆ ఆటోవాడిని అడిగినా చెబుతాడు. జార్ఖండ్‌లో ముసలివాళ్లకి వెయ్యి, వితంతువులకి వెయ్యి, మా వాడికీ వెయ్యే. చట్టం లెక్కన 1,250 రావాలి. కేంద్రం ఇచ్చే వికలాంగ పింఛనా? 300. అదీ 80 శాతం వైకల్యం ఉండి, దారిద్ర్యరేఖకి దిగువన ఉంటేనే.

డబ్బు లేదంటే నమ్మను. 2024 డిసెంబరు నుంచి మైయా సమ్మాన్ పథకం కింద ఇదే రాష్ట్రంలో ఆడవాళ్లకి నెలకు 2,500 ఇస్తున్నారు. ఇవ్వనీ, సంతోషమే. చట్టం రాసిపెట్టిన రెండు వందల యాభైకే చేతులు రాలేదా?

రాంచీలో ఉండే వికలాంగుల కమిషనర్‌కి హిందీలో అర్జీ రాశాను. కింద తమ్ముడు వేలిముద్ర వేశాడు. మీ ఇంట్లోనూ ఇలాంటి పాస్‌బుక్కు ఉంటే, మీరూ ఒకటి రాయండి. సెక్షన్ నంబరు మరిచిపోకండి, 24.