ఫోన్‌కూ గెట్టు కావాలి

పక్క రైతు గెట్టు మీద జానెడు లోపలికి జరిగితే ఊరుకోం. పెద్దమనుషుల్లో పెడతాం, సర్వేయరును పిలిపిస్తాం. అదే మన ఫోన్‌లోకి ఎవరు చొరబడుతున్నారో, ఏం పట్టుకుపోతున్నారో మాత్రం చూసుకోం. పట్టాదారు పాస్‌బుక్కు ఫొటో, ఆధార్, బ్యాంకు ఖాతా, అన్నీ ఇప్పుడు అందులోనే ఉన్నాయి కదా!

శామీర్‌పేట, మేడ్చల్, జవహర్‌నగర్ చుట్టుపక్కల ఎకరం, అరెకరం చేసుకునే రైతులు ఈ సంగతి మరింత పట్టించుకోవాలి. నగరం అంచున ఉన్నాం. గుంట భూమికీ ధర ఉంది, మన కాగితాల మీద కన్నేసేవాళ్లూ ఉంటారు.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో బయటపడ్డ వ్యవహారమే చూడండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి ఒకడు వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు తయారుచేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. దస్తావేజు మీద వేలు వేసిన రైతు తప్పు ఇందులో రవ్వంత లేదు. ఆధార్ వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతిలో ఓటీపీ కూడా అడగరు. అందుకే ఆధార్ సంస్థ వెబ్‌సైటులో వేలిముద్రలకు ‘బయోమెట్రిక్ లాక్’ పెట్టుకునే వీలుంది. రేషన్‌కో, ఈకేవైసీకో వెళ్లేటప్పుడు కాసేపు తీసుకోవచ్చు. కొంత విసుగే, అయినా పెట్టుకోండి.

ఇప్పటి మోసం వాట్సాప్‌లో వస్తోంది. ‘పీఎం కిసాన్’ పేరుతో ఒక ఏపీకే ఫైలు పంపుతారు. డబ్బు ఆగిపోయింది, ఇది నొక్కమంటారు. నొక్కితే మెసేజ్‌లు చూసేందుకు అనుమతి అడుగుతుంది. ‘అలో’ అన్నామా, బ్యాంకు పంపే ఓటీపీ దొంగ చేతికి చేరినట్టే. రెండు వేల విడతకు ఆశపడితే పంట అమ్మిన సొమ్మంతా ఊడ్చుకుపోతుంది. అసలు యాప్ ప్లే స్టోర్‌లోనే దొరుకుతుంది, వాట్సాప్‌లో రాదు.

ఒకసారి తీరిగ్గా కూర్చుని సెట్టింగ్స్‌లో ‘పర్మిషన్స్’ తెరవండి. చేతకాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. టార్చిలైటు యాప్‌కు మన చుట్టాల నంబర్లతో ఏం పని? తీసేయండి. 2020లో హైదరాబాదులో పోలీసు కేసులదాకా వెళ్లిన అప్పుల యాప్‌లు ఇలా తీసుకున్న నంబర్లకే ఫోన్లు చేసి, బాకీదారుల పరువు తీశాయి. బయటి ఫైళ్లను ఇన్‌స్టాల్ చేసే అనుమతి వాట్సాప్‌కు ఉంటే అదీ ఆపేయండి.

అయితే బాధ్యతంతా రైతు నెత్తిన వేసి తప్పుకుంటే ఎట్లా? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టమూ వచ్చింది. ప్రతి పథకానికీ ఆధార్, ఫోన్ నంబరు అడిగే ఆఫీసులు, వాటినెట్లా కాపాడుతున్నాయో కూడా చెప్పాలి. రైతు వేదికల్లో విత్తనాలు, తెగుళ్ల గురించి చెప్పినట్టే నెలకో గంట ఫోన్ గురించీ చెప్పించాలి. మీ వ్యవసాయ విస్తరణ అధికారిని ఈ మాట గట్టిగా అడగండి.

ఈలోగా డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. సొమ్ము ఇంకో ఖాతాకు మారకముందే చెబితే ఆపే అవకాశం ఉంటుంది.