నవ్వే బొమ్మకు కాపలా ఎవరు?

కోపం తెప్పించే విమర్శ కంటే నవ్వు తెప్పించే బొమ్మకే అధికారం ఎక్కువగా జంకుతుంది. వ్యాసానికి ప్రతివ్యాసం రాయించవచ్చు, ఆరోపణకు ఖండన ఇవ్వవచ్చు. జనం ఒకసారి నవ్విన తర్వాత ఆ నవ్వును వెనక్కి తెప్పించే ఉత్తర్వు మాత్రం ఏ సచివాలయంలోనూ తయారు కాదు. అందుకే చాలాచోట్ల బొమ్మను చూడటానికి విమర్శకుల కంటే ముందు పోలీసులు వస్తారు. ఈ విషయంలో అమెరికాలోని షికాగో నగర అనుభవం భారత ప్రజాస్వామ్యవాదులు తెలుసుకోదగినది.

1966లో ఆ నగరపు దక్షిణ భాగాన, హైడ్ పార్క్ ఆర్ట్ సెంటర్ అనే చిన్న కళాకేంద్రంలో ఆరుగురు యువ చిత్రకారులు ఒక ప్రదర్శన పెట్టారు. జిమ్ నట్, గ్లాడిస్ నిల్సన్, కార్ల్ విర్సమ్, ఆర్ట్ గ్రీన్, జిమ్ ఫాల్కనర్, స్యూయెలెన్ రోకా. అందరూ స్కూల్ ఆఫ్ ది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివినవారే. తమ బృందానికి వారు ‘హెయిరీ హూ’ అని పేరు పెట్టుకున్నారు. నగరంలో పలుకుబడి గల హ్యారీ బోరాస్ అనే కళా విమర్శకుడి ప్రస్తావన వచ్చినప్పుడు, ‘ఎవరా హ్యారీ?’ అని వారిలో ఒకరు అడిగిన ప్రశ్నే అక్షరాలు మారి పేరుగా స్థిరపడింది. కళకు తీర్పరులుగా చలామణి అయ్యేవారి పట్ల వారి వైఖరి ఏమిటో ఆ పేరే చాటింది.

నాటి అమెరికా కళకు న్యూయార్కే రాజధాని. మనిషి ఆకారాన్ని పక్కనపెట్టిన నైరూప్య చిత్రకళకు యుద్ధానంతరం అక్కడే పట్టం కట్టారు. షికాగోవాసులు ఆ ఫర్మానాను లెక్కచేయలేదు. వీరికి ముందే లియోన్ గోలబ్ వంటివారు గాయపడిన, వికృతమైన మానవ దేహాలను చిత్రించారు. ‘హెయిరీ హూ’ చిత్రకారులు ఆ దేహానికి వెటకారాన్ని జోడించారు. పిల్లల కామిక్ పుస్తకాలు, పచ్చబొట్లు, చవక వస్తువుల ప్రకటనలు, మాక్స్‌వెల్ స్ట్రీట్ సంత, బడి చదువు లేని చిత్రకారుల పనితనం వారికి ముడిసరుకు అయ్యాయి. ప్రదర్శనకు ఖరీదైన కేటలాగు బదులు తామే గీసిన కామిక్ పుస్తకాన్ని అచ్చువేసి అమ్మారు. ఒక్క ధనికుడి గోడకు పరిమితమయ్యే చిత్రం కన్నా వందల చేతుల్లోకి వెళ్లే ముద్రిత ప్రతి వారికి ముద్దయింది. ఈ ధోరణినే తర్వాతి కాలంలో ‘షికాగో ఇమేజిస్టులు’ అన్న పేరుతో గుర్తించారు.

కేంద్రం మెప్పు కోసం ఎదురుచూడని ప్రాంతం తన చూపును ఎక్కడికైనా సారించగలదు. పిన్‌బాల్ యంత్రాల అద్దాల మీది బొమ్మల స్ఫూర్తితో జిమ్ నట్ పారదర్శక ఫలకాల వెనుకవైపు రంగులు వేశాడు. అదే పద్ధతిలో పనిచేసిన మరో ఇమేజిస్టు బార్బరా రోసి భారతీయ జానపద, జనప్రియ చిత్రకళను ఏళ్ల తరబడి అధ్యయనం చేసి, దానిపై ప్రదర్శన నిర్వహించి గ్రంథం వెలువరించింది. న్యూయార్క్ ప్రాంతీయమని చిన్నచూపు చూసిన నగరంలోని చిత్రకారిణి, మన మేధావులు బజారు బొమ్మలని తీసిపారేసిన వాటిలో కళాసంపదను చూసింది.

అయితే షికాగో స్వేచ్ఛకు స్వర్గమేమీ కాదు. 1968 ఆగస్టులో డెమోక్రటిక్ పార్టీ మహాసభ వేళ వియత్నాం యుద్ధ వ్యతిరేకుల తలలు పగిలింది ఆ వీధుల్లోనే. ఇరవయ్యేళ్ల తర్వాత, 1988 మేలో, ‘హెయిరీ హూ’ చిత్రకారులు చదివిన అదే పాఠశాలలో ఒక విద్యార్థి అంతకు కొద్ది నెలల క్రితమే మరణించిన మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్‌ను స్త్రీల లోదుస్తులలో చిత్రించాడు. వాషింగ్టన్ ఆ నగరానికి తొలి నల్లజాతి మేయర్. నల్లజాతీయుల ఆవేదన నిజమైనది. ఆ బొమ్మ హుందాగా ఉందని ఎవరూ వాదించనవసరం లేదు. కానీ నగర పాలకమండలి సభ్యులు స్వయంగా బడిలోకి చొరబడి దాన్ని గోడ నుంచి దించారు. కాన్వాసు చిరిగింది. పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకున్నారు. విద్యాసంస్థ యాజమాన్యం క్షమాపణకు దిగింది. విద్యార్థి కోర్టుకెక్కాడు. ప్రజాప్రతినిధులకు ఆ అధికారం లేదని ఫెడరల్ న్యాయస్థానాలు తేల్చాయి. 1994లో 95 వేల డాలర్ల పరిహారంతో వివాదం ముగిసింది.

మన దేశంలో దాని జంట కథ 2007 మేలో బరోడాలో జరిగింది. మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో ముద్రణ కళ చదువుతున్న ఒక తెలుగు విద్యార్థి పరీక్ష కోసం పెట్టిన చిత్రాలపై హిందుత్వ సంస్థల కార్యకర్తలు విరుచుకుపడ్డారు. క్రైస్తవుల్లో కొందరూ అభ్యంతరం చెప్పారు. పోలీసులు పట్టుకెళ్లింది చొరబడినవారిని కాదు, విద్యార్థిని. అతనికి అండగా నిలిచిన ఇన్‌చార్జి డీన్ శివాజీ పణిక్కర్‌ను విశ్వవిద్యాలయం సస్పెండ్ చేసింది. మూల్యాంకనం చేయవలసిన గురువుల పని గుంపు చేతికి వెళ్లింది.

ఇక్కడి న్యాయస్థానాలు మౌనంగా ఉన్నాయనలేము. ఎం.ఎఫ్. హుస్సేన్‌పై కేసులను 2008లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. అయినా ఆ వృద్ధుడు స్వదేశానికి తిరిగి రాలేదు. 2011లో లండన్‌లో కన్నుమూశాడు. కోర్టు కేసును కొట్టివేయగలదు కానీ గుంపును ఇంటి ముందు నుంచి పంపవలసింది ప్రభుత్వమే. ఆ పని ఏ ప్రభుత్వమూ చేయలేదు. హుస్సేన్ దేశం విడిచిన నాడు కేంద్రంలో ఉన్నది తనను తాను లౌకికవాదిగా చెప్పుకున్న కూటమే.

చిత్రకారుడి సాహసం గురించి మనం ఎక్కువగా మాట్లాడుకుంటాం. కానీ వెటకారం బతకడానికి ఆ సాహసం ఒక్కటే చాలదు. కొత్తవారికి గోడ ఇచ్చే చిన్న కళాకేంద్రం కావాలి, విద్యార్థిని పోలీసులకు అప్పగించని బడి కావాలి, బొమ్మ నచ్చకపోయినా దాన్ని గీసే హక్కును కాపాడే ప్రభుత్వం కావాలి. షికాగోలోనూ బడి వెనుకంజ వేసింది. కోర్టు గట్టిగా నిలబడినందున మిగతావారి తడబాటు చట్టం కాలేదు. ఒకనాడు విమర్శకుల వెక్కిరింతకు గురైన ‘హెయిరీ హూ’ బొమ్మలకు 2018లో అదే నగరపు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ సమగ్ర ప్రదర్శనతో గౌరవం చేసింది. బరోడా విద్యార్థి బొమ్మల విలువ ఎంతో తేల్చే అవకాశం అతని పరీక్షకులకే దక్కలేదు. అక్కడ ఓడింది ఒక్క విద్యార్థే అనుకుంటే పొరపాటు. పరీక్ష తప్పింది విశ్వవిద్యాలయం.