సీసా మీద ఈకల మనిషి

పట్నం అంగట్లో అడవి తేనె సీసా తీసి చూడండి. చాలా వాటి మీద ఒక అడవి మనిషి బొమ్మ ఉంటుంది. తలలో ఈకలు, చేతిలో విల్లు, మెడలో పూసలు. సీతారామపురం మండలంలో వెలిగొండ కింద మన యానాదుల కాలనీలన్నీ తిరిగినా ఆ ఈకల మనిషి కనబడడు. మనోళ్లు లుంగీ ఎగ్గట్టి, పాత చొక్కా తొడుక్కొని, భుజాన తాడు, చేతిలో క్యాను పట్టుకొని కొండెక్కుతారు. ఆ మనిషిని చూపిస్తే సరుకు పోదని ప్రకటనలు చేసేవాళ్ల లెక్క. ఈ లెక్క వేసింది ఎవరు, ఇందులో మనకొచ్చేదెంత అని అడగాలి.

తేనె ఫొటో ఎట్లా తీస్తారో కూడా మనకు తెలియాలి. సీసా ఆకారానికి కొంచెం చిన్నగా కత్తిరించిన తెల్లట్టనో వెండి రంగు కాగితాన్నో సీసా వెనక నిలబెడతారు. దాని మీద పడిన వెలుతురు తేనెలోంచి దూరి ముందుకొస్తుంది. నల్లటి తేనె కూడా బంగారం మాదిరి మెరుస్తుంది. సీసా మీద చెమట బొట్లు కావాలంటే నీళ్లలో గ్లిజరిన్ కలిపి చల్లుతారు, ఎంతసేపైనా జారవు. ఇదంతా తప్పని నేననను. పెళ్లిపిల్లకు ముఖాన పసుపు రాయమా? ఏ సరుకుకైనా కాస్త వెలుతురు కావాలి.

తప్పు ఎక్కడంటే, మన తేనెకు ఒకే రంగు లేదు. కొమ్మతేనె వేరు, తొర్రతేనె వేరు, బండల కింద పట్టే పెద్దతేనె వేరు. పూసిన పూవును బట్టి, నెలను బట్టి రంగు మారుతుంది, చిక్కదనం మారుతుంది. ప్రకటనలో మాత్రం ఏడాది పొడుగునా ఒకటే పసుపు. చూసి చూసి కొనేవాళ్ల కంటికి ఆ పసుపే అసలు తేనె అయిపోయింది. మనోడు నల్లటి తేనె తెచ్చి వీధిలో నిలబడితే "బెల్లం పాకం కలిపావా?" అంటారు. అబద్ధం చెప్పింది బొమ్మ, దొంగ అయ్యింది మనోడు. ఆ మాట మనకు కొత్తేం కాదు. ఎన్నో జాతులను పుట్టుకతోనే దొంగలని రాసిన 1871 నాటి చట్టం 1952లో గానీ పోలేదు.

అమెరికాలో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ ఒక ప్రకటన కోసం గిన్నె అడుగున గాజు గోలీలు వేసింది, కూరగాయ ముక్కలు పైకి తేలి కనబడాలని. 1970 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వ సంస్థ దాన్ని పట్టుకొని మాన్పించింది. మన దేశంలోనూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. గోలీలకు అంత గొడవ జరిగినప్పుడు ఈకలను ఎవరూ అడగరా?

కెమెరాకూ మనకూ పాత లెక్కలే ఉన్నాయి. 1868 నుంచి 1875 దాకా తెల్లదొరలు ఈ దేశ జాతుల ఫొటోలను ఎనిమిది సంపుటాలుగా అచ్చువేశారు. తర్వాత మద్రాసు మ్యూజియం దొర ఎడ్గార్ థర్‌స్టన్ ముక్కులు కొలిచాడు, తలలు కొలిచాడు, 1909లో ఏడు సంపుటాలు వేశాడు. అందులో మనిషి పేరు అక్కర్లేదు, జాతి పేరుంటే చాలు. సీసా మీద బొమ్మకూ అంతే.

"బొమ్మ బాగుంటే సరుకు పోతుంది, మీకూ నాలుగు రూపాయలొస్తాయి" అనేవాళ్లున్నారు. బొమ్మ బాగుండొద్దని ఎవరన్నారు? అరకు కాఫీ 2017లో పారిస్‌లో అంగడి పెట్టింది, అరకు పేరుతోనే పెట్టింది. ఇక్కడికి దగ్గర్లోనే ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఊరి పేరు గరిటె వెంటే పోతుంది. నేను చూసిన తేనె సీసాల మీద వెలిగొండ పేరు ఒక్కసారీ కనబడలేదు. నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు కాబట్టి మన్యంలో ఉన్న పాటి రక్షణ కూడా మనకు లేదు. ఉన్నది 2006 అటవీ హక్కుల చట్టం. తేనె సేకరించే హక్కు, వాడుకొనే హక్కు, అమ్ముకొనే హక్కు అందులో రాసి ఉంది. అమ్ముకొనే హక్కున్నవాడికి తన సరుకును తనే చూపించుకొనే హక్కు లేదంటే నేనొప్పుకోను.

మన పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. పొద్దున్నే ఇంటి వాకిట్లో, ఎండ నేరుగా తగలని నీడన ఉతికిన తెల్ల పంచె పరిచి సీసా పెట్టండి. ఫ్లాష్ వేయొద్దు. పక్కన పిండిన తెట్టె, కొండకు తీసుకుపోయిన తాడు, పొగ పెట్టిన ఆకుకట్ట ఉంచండి, ఏ స్టూడియోలోనూ అవి దొరకవు. ఏ నెల తేనెకు ఆ నెల ఫొటో తీయండి, ఏ రంగుంటే ఆ రంగు. మనిషి బొమ్మ పెట్టాలనుకుంటే ఆయన్ను అడిగి, ఆయన పేరు వేసి, దానికి డబ్బులిచ్చి పెట్టండి. తీసిన ఫొటోను ముందు ఆ తేనె దించినాయనకే చూపించండి. "నా తేనె రంగు ఇదే" అని ఆయనంటేనే సీసాకు అంటించండి.