పెట్టిన పేరొకటి, పిలుచు పేరొకటి

ముందున్న పేరును విడిచి, నడిమి పేరుతోనే లోకవ్యవహారము నడుపుకొను వారిని చూచి, ఇది వట్టి చాపల్యమనియో, లేక ఏదో దాచుటకు పన్నిన యుపాయమనియో శంకించు ఉద్యోగులు నేటికిని పెక్కుమంది కలరు. ఆ శంక నిరాధారము.

అమెరికా అధ్యక్షుల పట్టికనే తిరుగవేయుడు. స్టీఫెన్ గ్రోవర్ క్లీవ్‌లాండ్, థామస్ వుడ్రో విల్సన్, జాన్ కాల్విన్ కూలిడ్జ్ అను వీరిలో ఒక్కరైనను మొదటి పేరుతో ప్రసిద్ధులు కారు. ఐసెన్‌హోవర్ వృత్తాంతము మరింత విచిత్రము. 1890లో జన్మించిన ఆ శిశువునకు డేవిడ్ డ్వైట్ అని నామకరణము చేసిరి. అయితే తండ్రి పేరును డేవిడే యగుటచే, ఒక్క పిలుపున కిద్దరు పలుకు చిక్కు లేకుండ ఇంటిల్లిపాదియు బాలుని డ్వైట్ అనియే పిలువసాగగా, 1911లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయమున చేరునాటికి ఆ పేరే ముందునకు వచ్చి, డేవిడ్ వెనుకకు జరిగెను.

ఈ చిక్కు మన యిండ్లకు క్రొత్తది కాదు. తాతగారి పేరు మనుమనికి పెట్టుట మన యాచారము. మామగారి పేరు నోట పలుకరాదనుట నిన్నమొన్నటి వరకు కోడలికి కట్టుబాటు. ఈ రెంటి నడుమ చిక్కుకొన్న పసివాడు, బారసాలనాడు పళ్ళెములోని బియ్యముపై ఉంగరముతో వెంకట సుబ్బయ్యగా వ్రాయబడియు, ఉయ్యాలలో మాత్రము చిట్టిబాబుగానే పెరిగెను. ఇక వెంకట శబ్దమన్ననో, అది పలుతావుల ఇలవేల్పునకు చెల్లించిన మ్రొక్కుబడియే కాని పిలుచుటకు పెట్టినది కాదు. పాములపర్తి వెంకట నరసింహారావుగారిని గాని, వరాహగిరి వెంకట గిరిగారిని గాని, క్రీడాకారుడు వంగిపురపు వెంకట సాయి లక్ష్మణ్‌ను గాని వెంకట యని పిలిచిన తెలుగువాడుండునా?

అట్లు పిలుచువారు సముద్రమున కావల కలరు. మన పాసుపోర్టులో ఇంటిపేరున కొక గడియు, తక్కిన పేరున కంతటికి మరొక గడియు నుండుటచే, ఆ రెండవ గడిలోని తొలిమాటనే పట్టుకొని అచ్చటి ఆసుపత్రులును బ్యాంకులును మనవారిని వెంకట యనియే పిలుచుచున్నవి. ఆ కేక విని గదిలోని తెలుగువారు నలుగురు ఒక్కుమ్మడి లేచి నిలుచుటయు, ఎవరికొరకై పిలిచిరో ఆ యైదవవాడు, జన్మలో ఆ పిలుపు నెరుగనివాడగుటచే, తల యెత్తకుండుటయు సంభవింపగూడని సంగతులు కావు. తొలిమాటయే అసలు పేరను నియమమును వీరికెవరు విధించిరో!

చట్టమున కొక క్రమము వలదా యని కొందరడుగుదురు. వలయును, సంతకము చేయుచోట పూర్తి పేరే యుండనిండు. కాని పత్రమునందలి పేరు మనిషిని గుర్తించుటకు. నోటి పేరు మనిషిని పలుకరించుటకు. ఈ రెండు పనులను ఒక్క గడిలో కుక్కుటయే తప్పు. అమెరికాలోనే అనేక విశ్వవిద్యాలయములు విద్యార్థి కోరిన పిలుపు పేరును వేరుగా నమోదు చేసికొనుచున్నవి. మన ఆసుపత్రులును బ్యాంకులును పాఠశాలలును తమ దరఖాస్తులలో, పూర్తి పేరు క్రిందనే, ‘మిమ్ము నేమని పిలువవలెను?’ అను ఒక్క వరుసను చేర్పవలెనని నా విన్నపము. అందులకు క్రొత్త శాసనమేదియు అక్కరలేదు.