సస్పెన్షన్ జవాబు కాదు, వజీర్ సాహెబ్!



మా ఇబ్రహీంపట్నంలో సర్కారు దవాఖానా ముందు నుంచి పోయినప్పుడల్లా నాకు 2022 ఆగస్టు 25 యాదికొస్తుంది. ఆ ఒక్క రోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. వారం తిరగకముందే నలుగురు ఇంతెకాల్ అయ్యారు. ఇన్ఫెక్షన్ వల్లేనని తర్వాత తేలింది.

ఆపరేషన్ జాయజా, నాజాయజా అన్న బహస్ వేరు. ఆ సాకుతో ఈ జుల్మ్ మీద మనం ఖామోష్‌గా ఉండలేం. ఆ ఆడబిడ్డలు హుకూమత్ మీద భరోసాతో తమ జాన్‌ను అమానత్‌గా అప్పగించారు. అమానత్‌లో ఖయానత్ జరిగితే హిసాబ్ చెప్పాల్సిందెవరు?

సూపరింటెండెంట్‌ను సస్పెండ్ చేశారు. మొత్తం 13 మందిపై చర్యలు తీసుకున్నారు. బాధిత కుటుంబాలకు 5 లక్షల చొప్పున ప్రకటించారు. విచారణ ఎవరు చేశారు? అదే శాఖలోని ప్రజారోగ్య డైరెక్టర్. ఇంటి దొంగతనానికి ఇంటివాళ్లే పంచాయితీ పెట్టుకున్నట్టు!

తప్పు చేసినవాళ్లకు సజా పడాల్సిందే, అందులో షక్ లేదు. కానీ 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఇలాంటి క్యాంపుల్లోనే 13 మంది ఆడవాళ్లు చనిపోయారు. 2016 సెప్టెంబర్ 14న సుప్రీంకోర్టు దేవికా బిస్వాస్ కేసులో, మూడేళ్లలోగా ఈ క్యాంపుల పద్ధతి ఆపేయాలని చెప్పింది. ఆ గడువు 2019లోనే తీరింది. మరి 2022లో మా ఊళ్లో ఒకే రోజు 34 ఆపరేషన్లు ఎలా జరిగాయి? కోర్టు హుకుం అమలు చేయించే పని స్టాఫ్ నర్సుదా, మంత్రిదా?

మన దగ్గర బందోబస్తు ఎలాంటిదో చూడండి. 2022లో ఇలాంటి దవాఖానాలు వైద్య విధాన పరిషత్ చేతిలో ఉండేవి. అది 1986 చట్టంతో పుట్టిన స్వతంత్ర సంస్థ. కుటుంబ సంక్షేమ కార్యక్రమం మాత్రం వేరే కమిషనర్ చేతిలో. ఆపద వస్తే ఒకరు ఇంకొకరి వైపు చూపిస్తారు. కానీ రెండు దారులూ చివరికి కలిసేది ఒకే కుర్చీ దగ్గర: ఆరోగ్య మంత్రి కుర్చీ. రిబ్బన్ కత్తిరించేటప్పుడు దవాఖానా మంత్రిది, జనాజా లేచినప్పుడు డాక్టరుదా?

అప్పుడు హరీశ్‌రావు, ఇప్పుడు దామోదర రాజనర్సింహ. మనిషి మారినా సవాల్ అదే. ఇలాంటి మరణాలపై విచారణ శాఖకు బయటివాళ్లు చేయాలి. నివేదికను అసెంబ్లీ ముందు పెట్టాలి. మంత్రి నిలబడి జవాబివ్వాలి.

భాయియో, బెహనో! వోటు అడగడానికి మన గల్లీకి వచ్చినవాళ్లను ఈ ముచ్చట అడగండి. తల్లి లేని ఆ పిల్లలకు అల్లాహ్ సబ్ర్ ప్రసాదించుగాక. మనకు అడిగే హిమ్మత్ ప్రసాదించుగాక.