జబ్బుకీ ఓ నంబరుంది!

నూజివీడు బజారులో "మామిడిపళ్ళు డజను ఇవ్వవయ్యా" అంటే, "ఏవమ్మా? చిన్నరసాలా, పెద్దరసాలా, బంగినపల్లా?" అని అడుగుతాడు పళ్ళబ్బాయి. జబ్బుల సంగతీ అంతేనండీ! మనం 'సుగర్' అని ఒక్కమాటలో తేల్చేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి జబ్బుల పట్టిక ఐ.సి.డి. పదో కూర్పులో మాత్రం ఒకటో రకం సుగర్‌కి ఇ 10, పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించే రెండో రకానికి ఇ 11.

కాయలు కోస్తూ చెట్టుమీంచి పడి ముంజేతి ఎముక విరిగిందనుకోండి. విరిగిన ఎముకకి ఎస్ 52. చెట్టుమీంచి పడ్డందుకు మరో నంబరు, డబ్ల్యు 14!

ఈ నంబర్లు వేసేవారే మెడికల్ కోడర్లు. హైదరాబాదులో ఎందరో అమ్మాయిలు ఈ ఉద్యోగం చేస్తున్నారు. శరీర నిర్మాణం, జబ్బుల పేర్లు, డాక్టర్ల పొట్టి రాతలు అన్నీ వాళ్ళకి తెలిసుండాలి. అయితే వాళ్ళు రోగిని చూడరు, కాగితమే చూస్తారు. అందులో లేనిది ఊహించి వేయకూడదు.

ఇన్సూరెన్సు క్లెయిము ఫారంలో ఆసుపత్రివారు నింపే భాగంలో ఈ నంబరూ ఉంటుంది. అందుకే డిశ్చార్జి సమ్మరీ చేతికి రాగానే మడిచి సంచిలో పెట్టేయకండి. పేరు, వయసు, దెబ్బ ఏ చేతికి, ఎలా తగిలింది, ముందునుంచీ ఉన్న బీపీ, సుగర్... అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశారా? చదవడం రాకపోతే పిల్లలచేత చదివించుకోండి. తేడా ఉంటే అక్కడే డాక్టరుగారికి చెప్పి దిద్దించుకోండి. ఇంటికొచ్చాక చూసుకుంటే, మళ్ళీ బస్సెక్కి తిరగాల్సింది మనమే కదమ్మా!