పొలిమేరలో పుట్టిన ఆలోచన

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు పటానికి దండ వేస్తాం. తెలుగు భాషా దినోత్సవం అంటాం, వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అంటాం. ఆ రెండు మాటలూ అయ్యాక మైకు పక్కవారికి ఇచ్చేస్తాం. మాట్లాడే తెలుగులోనే రాయాలి, చదువు చెప్పాలి అనే ఆలోచన ఆయనకు ఎక్కడ తట్టింది, ఎలా తట్టింది అని అడిగేవాళ్లు మాత్రం ఆ సభల్లో అరుదు. అడిగితే జవాబు మన గడప దగ్గరే దొరుకుతుంది. ఆ ఆలోచన రాజమండ్రిలోనో, చెన్నపట్నంలోనో పండితుల గోష్ఠిలో పుట్టింది కాదు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో, సవర కొండల పక్కన పుట్టింది. రాష్ట్రం బయట ఉన్న తెలుగువాళ్లం ఈ సంగతి కొంచెం నింపాదిగా ఆలోచించుకోవాలి.

సృజన అనగానే మనకు మెరుపు గుర్తొస్తుంది. ఆర్కిమెడిస్ నీళ్లతొట్టి, న్యూటన్ ముందు రాలిన ఆపిల్ పండు. పిల్లలకు చెప్పడానికి మంచి కథలే. అయితే ఆ తొట్టిలోకి దిగేముందు ఆ మనిషి ఎన్నాళ్లు తల బద్దలు కొట్టుకున్నాడో కథలో ఉండదు. దాంతో కొత్త ఆలోచన అంటే పైనుంచి ఊడిపడేదనీ, అది కొందరికే రాసిపెట్టి ఉంటుందనీ పిల్లవాడు అనుకుంటాడు. మన ఆలంకారికులు ఇంతకన్నా నిదానంగా ఆలోచించారు. కావ్యం పుట్టడానికి కారణం ఏమిటంటే శక్తి, నిపుణత, అభ్యాసం అన్నాడు కావ్యప్రకాశం రాసిన మమ్మటుడు. మూడూ మూడు వేర్వేరు కారణాలు కావు, కలిస్తేనే కారణం అని కూడా అన్నాడు. ఆ నిపుణత ఎలా వస్తుందో చెబుతూ శాస్త్రాల కన్నా, కావ్యాల కన్నా ముందు లోకాన్ని చూడమన్నాడు. మన బళ్లలో ఆ వరుస తలకిందులైంది, సరే.

గిడుగు చూసిన లోకం ఎలాంటిది? ఆయన 1863లో వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరి, 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలిసేదాకా అక్కడే ఉన్నారు. ఆ ఊరి సంతలో నిలబడితే మూడు భాషలు వినపడతాయి. తెలుగు ద్రావిడ కుటుంబానిది. ఒరియా సంస్కృతం వైపుది. కొండ దిగివచ్చే సవరల మాట ఈ రెంటికీ చుట్టరికం లేని ముండా కుటుంబానిది. చింతపండూ ఉప్పూ చేతులు మారేచోట మూడు వంశాల భాషలు రాసుకుంటూ ఉంటాయన్నమాట. ఆ సంతకు వెళ్లిన పంతుళ్లు, గుమాస్తాలు ఎంతోమంది. చాలామందికి సవర మాట వట్టి కొండవాళ్ల గోల. గిడుగుకు మాత్రం చెవి నిలిచింది.

ఆయన సవర, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని ఆ భాష నేర్చుకోవడం మొదలెట్టారు. అప్పటికి ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. ఒక్కో మాటా నోటినుంచి విని కాగితం మీద పెట్టుకోవాలి. మాట మధ్యలో గొంతు బిగబట్టి వదిలే ధ్వని ఒకటి ఉంది సవరలో. మన యాభై ఆరు అక్షరాల్లో దానికి చోటు లేదు. లెక్క చూడండి. సవరలో పన్నెండు దాటితే పదమూడుకు ‘పన్నెండు ఒకటి’ అంటారు. ఇరవై దాటాక ఇరవైల లెక్క. తొంభై మూడు అనాలంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. బడి ముఖం చూడని సవర పిల్లవాడు ఈ లెక్కను తడుముకోకుండా చెప్పేస్తాడు. ఏ సూత్రం బట్టీపట్టి చెబుతున్నాడు? ఎవరు నేర్పారు?

నా ఉద్దేశంలో గిడుగు ఆలోచనకు బీజం ఇక్కడే పడింది. లిపి లేని భాషకు, పండితుడు లేని భాషకు, ఒక్క పుస్తకం కూడా లేని భాషకు ఇంత కట్టుదిట్టమైన వ్యాకరణం ఉందంటే ఆ వ్యాకరణం పుస్తకంలో ఉండేది కాదు, జనం నోట్లో ఉండేది. ఆ మాట సవరకు నిజమైతే తెలుగుకు ఎందుకు కాకూడదు? గ్రాంథికం రానివాడు మాట్లాడేది తప్పుల తెలుగు ఎలా అవుతుంది? తెలుగు ఒక్కటే తెలిసినవాడికి ఈ ప్రశ్న పుట్టడం కష్టం. ఎందుకంటే తెలుగులో వ్యాకరణమంటే పుస్తకమే కనపడుతుంది. చిన్నయసూరి కనపడతాడు. కొండభాషతో పెనుగులాడి వచ్చినవాడికి తన భాష కూడా కొత్తగా కనపడుతుంది.

కాలక్రమం కూడా ఇదే చెబుతోంది. సవర పని 19వ శతాబ్దం చివర్లోనే మొదలైంది. వాడుకభాష పోరు రాజుకున్నది 1907 ప్రాంతంలో. తెలుగు నేర్చుకున్న ఇంగ్లీషు దొర, బడుల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ ఒక ప్రశ్న వేశాడు. పిల్లలు మాట్లాడే తెలుగుకూ పుస్తకంలో తెలుగుకూ ఇంత ఎడం ఎందుకని. ఆ ప్రశ్నను గిడుగు, గురజాడల దగ్గరికి మళ్లించినవారు విశాఖపట్నం కాలేజీలో ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు. అడిగినవాడు ఇంగ్లీషువాడు, దారి చూపినవాడు తమిళుడు, జవాబు సిద్ధంగా ఉన్నది పర్లాకిమిడిలో. పుట్టుకతో ఆ భాషలో మునిగి ఉన్న మహాపండితులకు ఆ ప్రశ్నే తోచలేదు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. చేపకు నీళ్లు కనపడనట్టు వాళ్లకు అది కనపడలేదు.

అయితే ఒక మాట. పొలిమేరలో ఉన్నంత మాత్రాన ఎవరికీ ఏదీ తట్టదు. ఉంటే పర్లాకిమిడి ఊరంతా గిడుగులే కావాలి. ఆయన గ్రాంథిక తెలుగును, పాత వ్యాకరణాలను ఆ పండితులకన్నా నిశితంగా చదివారు. ముఖలింగం గుళ్లోని శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. గద్యచింతామణిలో పాతకాలపు వచనం పోగేసి చూపించారు. గ్రాంథికం కోసం వాదించే పండితుల సొంత రాతల్లోనే గ్రాంథిక దోషాలు ఎత్తిచూపారు. 1925లో తణుకు సభలో గంటల తరబడి ప్రయోగాలు చూపిస్తూ మాట్లాడారు. ఇటు సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నలభై ఏళ్ల చాకిరీ అది. కొండల్లో జ్వరాలకు మింగిన క్వినైన్ ఆయన వినికిడిని తినేసింది. చెవితో బతికిన మనిషికి చెవులే పోయాయి. ఆలోచన మెరుపులా వచ్చిందంటే ఇవన్నీ ఏ లెక్కలో రాయాలి?

ఆ కొండల్లోనే మరో సంగతి జరిగింది. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు సొంత లిపి తయారుచేశాడు. చుట్టూ ఒరియా, తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు కనపడుతుంటే మాకెందుకు లేవనే ఊహ రావడం సహజం. దాన్ని చేసి చూపడం వేరు. దాని గురించి వివరంగా రాయాల్సినవాళ్లు సవరలే కాబట్టి ఇంతటితో ఆపుతాను.

ఇక పడమటి పొలిమేరకు రండి. ఆధునిక తెలుగు నాటకరంగం చరిత్ర తిరగేస్తే మొదటి పుటల్లోనే బళ్లారి వస్తుంది. 1953 అక్టోబరు 1న మైసూరులో కలిసిన బళ్లారే. ఆంధ్ర నాటక పితామహుడు అనిపించుకున్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ వకీలు. ఆయనతో పోటీపడి చారిత్రక నాటకాలు రాసిన కోలాచలం శ్రీనివాసరావు కూడా అక్కడ వకీలే. ఇద్దరికీ చెరొక నాటక సభ. ధర్మవరంవారి మేనల్లుడు బళ్లారి రాఘవ తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో కూడా ఆడినవాడు. కన్నడం వీధిలో, తెలుగు ఇంట్లో, ఇంగ్లీషు కోర్టులో ఉన్న ఊరు అది. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరు పొందిన విషాద సారంగధర ఆ ఊరినుంచే వచ్చింది. మన పాత సంప్రదాయంలో నాటకం దుఃఖంతో ముగియకూడదు. ఇంగ్లీషు నాటకం దుఃఖంతో ముగియవచ్చు. సారంగధరుడి కథ ఇంటింటికీ తెలిసిందే. తెలిసిన కథ, పరాయి పద్ధతి ఎదురుపడ్డాయి. కొత్తది పుట్టింది. ఇందులో గాలిలోంచి తీసిందేమీ లేదు.

తమిళనాడు పాఠకులకు ఫిడేలు సంగతి చెప్పనక్కర్లేదు. కంపెనీ దొరల బ్యాండులో ఆ వాద్యం మోగుతుంటే చెన్నపట్నంలో ఎన్నో చెవులు విన్నాయి. బాలుస్వామి దీక్షితులు (1786-1858) చేతుల్లో పడ్డాకే అది కర్ణాటక సంగీతంలోకి వచ్చింది. దొరలు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటే, మనవాళ్లు నేలమీద కూర్చుని కొసను పాదం మీద ఆనించారు. తీగల శ్రుతి షడ్జమ పంచమాలకు మార్చారు. చెయ్యి జారడానికి వీలు చిక్కింది, గమకం పలికింది. ఇప్పుడు ఫిడేలు లేని త్యాగరాజ ఆరాధన ఊహించుకోగలమా? విన్నవాళ్లందరిలో దీక్షితులవారికే ఎందుకు తోచిందంటే, ఆయన లోపల గమకం అప్పటికే నిండి ఉంది. లోపల ఏమీ లేనివాడికి ఎదుటి వాద్యం వట్టి మోతే.

ఇంత చెప్పింది పాత ఘనత తలచుకుని మురిసిపోవడానికి కాదు. ఇవాళ హోసూరులో, బరంపురంలో, బళ్లారిలో మన పిల్లల పరిస్థితి చూడండి. రెండు మూడు భాషల సంతలో పుట్టిపెరుగుతున్నారు. గిడుగుకు ఉన్న అవకాశమే వాళ్లకూ ఉంది. కానీ రెండువైపుల నుంచీ దాన్ని మనమే కోసేస్తున్నాం.

ఒకవైపు అక్షరం పోతోంది. తమిళనాడు 2006లో చేసిన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం మంచిదే, నేర్చుకోవాలి కూడా. కానీ దానితోపాటు తెలుగు చదవడం, రాయడం దక్కకపోతే పిల్లవాడికి రెండు భాషలు ఉన్నట్టు కాదు, ఒకటిన్నర ఉన్నట్టు. ఇంట్లో అన్నం పెట్టమని అడగడానికి సరిపోయే తెలుగుతో ఎదుటి భాషతో రాపిడి పుట్టదు. రాపిడికి రెండు చెకుముకి రాళ్లు కావాలి. ఒక రాయీ ఒక మట్టిపెళ్లా అయితే నిప్పు రాదు.

రెండోవైపు చేసేది ఇంకా దారుణం, అది ప్రభుత్వాలు చేసేది కాదు. సెలవులకు గుంటూరో, హైదరాబాదో వెళ్లిన మన పిల్లవాడు నోరు తెరవగానే చుట్టాలు నవ్వుతారు. ‘వీడిది అరవ తెలుగురా’ అంటారు, ‘ఒడ్ర యాస’ అంటారు. తల్లిదండ్రులు కూడా సిగ్గుపడి, అలా కాదు నాన్నా, ఇలా అనాలి అని టీవీ తెలుగు నేర్పిస్తారు. పిల్లవాడు రెండుసార్లు నవ్వించుకుని మూడోసారి ఇంగ్లీషులో మాట్లాడతాడు. వాడి తప్పేముంది? వందేళ్ల కిందట జనం నోటి తెలుగు తప్పుల తెలుగు కాదని నిరూపించడానికి ఒక పొలిమేర పంతులు చెవులు పోగొట్టుకుంటే, ఆయన పేరు చెప్పుకుంటూ ఇప్పుడు పొలిమేర పిల్లల తెలుగు తప్పంటున్నాం.

ఆ యాసలో ఏముందో కావాలంటే స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కతలు’ చదవండి. పులికాట్ సరస్సు చుట్టుపక్కల తెలుగు అది. ఆ సరస్సు చాలావరకు ఆంధ్రలో, కొంత తమిళనాడులో ఉంది. అక్కడి చేపల పేర్లు, పడవల పేర్లు, తిండి పేర్లు ‘ప్రామాణిక’ తెలుగులో రాయబోతే కథే ఉండదు. ఆ మాటలను దిద్ది బాగుచేసే మంచిమనిషి ఎవరూ ఆ రచయితకు చిన్నప్పుడు తగలకపోవడం మన అదృష్టం.

సృజనాత్మకత పెంచుతామని ఈమధ్య బళ్లలో వర్క్‌షాపులు పెడుతున్నారు. రంగు కాగితాలు కత్తిరించడం, బొమ్మలు అతికించడం. పెట్టనివ్వండి, నష్టం లేదు. అంతకన్నా పైసా ఖర్చులేని పని ఒకటుంది. అమ్మమ్మ వంటింట్లో వాడే మాటలు ఓ యాభై రాసుకుని రమ్మనండి. వాటిలో ఏది పక్క భాషలో ఉంది, ఏది లేదు, ఉంటే అర్థం ఎక్కడ మారింది అని పక్కింటి కన్నడ పిల్లనో, ఒరియా పిల్లనో అడిగి తెలుసుకోమనండి. రాయడానికి తెలుగు అక్షరాలు కావాలి కాబట్టి అవీ వస్తాయి. గిడుగు చేసిన పని మొదటి మెట్టులో ఇదే.

ఆగస్టు 29కి వ్యాసరచన పోటీలు పెట్టే మన తెలుగు సంఘాలకు ఇంకో విన్నపం. పోటీ నియమాల కాగితంలో ‘శుద్ధమైన తెలుగులో రాయవలెను’ అనే పంక్తి ఎక్కడైనా ఉంటే, ఈసారి అచ్చుకు ఇచ్చేముందు దాన్ని కొట్టేయండి. న్యాయనిర్ణేతలుగా అవతలి నుంచి వచ్చే పెద్దలకు కూడా ఆ సంగతి ముందే చెప్పి ఉంచండి.